పైగది చుట్టాలు

ఇల్లంటే ఏమిటి? నన్నడిగితే, తలుపేసుకుని కాళ్లు చాపుకునే చోటు అంటాను. మా ఊరి ప్లానింగ్ ఆఫీసు వాళ్లనడిగితే మాత్రం పొయ్యి అంటారు. అవునండీ, పొయ్యే. వంటపొయ్యి ఒకటుంటే ఒక ఇల్లు, రెండుంటే రెండిళ్లు. ఒక ప్లాటులో రెండిళ్లు ఉండకూడదు. అంత చదువు చదివినవాళ్లు అంతమంది కూర్చుని తేల్చిన ముక్క ఇది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. మధ్యమధ్యలో నోరు జారితే ఏమీ అనుకోకండి, ఈ సంగతి చెప్పేటప్పుడు జారుతుంది.

నేను బేకరీలో కౌంటరు దగ్గర కూర్చుంటాను. రొట్టెలక్క లోపల పిండి దగ్గర ఉండేది. ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటుంది గానీ, దాంతో పిలిస్తే ఇంకెవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది. మోచేతుల దాకా పిండి, నుదుటి మీద పిండి, మాట్లాడుతూ గోక్కుంటే ముక్కు మీదా పిండే. మనిషి బక్కపల్చన, చేతులు మాత్రం ఇనుము. పిండి మూటని అవలీలగా ఎత్తి బల్ల మీద పడేసేది.

"అక్కా, నేనెప్పుడైనా కళ్లు తిరిగి పడిపోతే అలాగే ఎత్తుకెళ్లి ఆస్పత్రిలో పడేయి" అనేదాన్ని.

"నిన్నెత్తాలంటే లారీ కావాలే!" అనేది.

బేకరీలో పనెలా ఉంటుందో రొట్టె కొనుక్కుని పోయేవాళ్లకి తెలీదు. మేం షట్టరు ఎత్తేసరికి రొట్టెలు వేడివేడిగా అరల్లో ఉండాలి. అలా ఉండాలంటే పిండి కలిపే మనిషి ఊళ్లో మొదటి బస్సు కదలక ముందే వచ్చేయాలి. అంటే నడిచే రావాలి. అంటే నడిచొచ్చేంత దగ్గర్లోనే ఉండాలి. నాకా తిప్పలు లేవు. షాపు తెరిచే వేళకి వస్తే చాలు, రెండు బస్సులు మారి వస్తాను. ఆమెకి ఆ వీలు లేదు.

దీనికంటే పెద్ద సంగతి ఇంకోటుంది. రొట్టెలక్కకి అత్తగారు ఉంది. తుంటి ఎముక విరిగాక ఆవిడ మంచం దిగలేదు, కళ్లు కూడా మసకే. భర్త పోయాక అక్కకి మిగిలిన మనిషి ఆవిడొక్కతే, ఆవిడకి మిగిలింది ఈమె ఒక్కతే. పిండి కలిపి తడిగుడ్డ కప్పి పెడితే అది పొంగడానికి కొంతసేపు పడుతుంది. ఆ సేపట్లో మిగతావాళ్లు టీలు తాగుతారు, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు. రొట్టెలక్క మాత్రం ఏప్రను కొక్కేనికి తగిలించి ఒకటే పరుగు. రోడ్డు దాటి, వీధి మలుపు తిరిగి, మెట్లెక్కి, అత్తని కూర్చోబెట్టి, ఒళ్లు తుడిచి, పక్కబట్టలు మార్చి, పాలలో నానిన రొట్టె నాలుగు ముద్దలు పెట్టి, రెండో పక్కకి తిప్పి పడుకోబెట్టి మళ్లీ పరుగున వచ్చేది. రోజంతటిలో ఎన్నిసార్లు పిండి పొంగితే అన్నిసార్లు. మంచాన పడ్డవాళ్లని అలా తిప్పుతూ ఉండకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఆమె అత్త వీపు మీద ఒక్క మచ్చ ఉండేది కాదు. ఒకసారి ఆస్పత్రి నర్సు చూసి, "ఎవరమ్మా ఈవిడ్ని చూసుకునేది?" అని అడిగి మరీ మెచ్చుకుంది.

కాబట్టి ఆ గది దగ్గర్లో ఉండబట్టే అక్కకి పనీ ఉంది, అత్తా ఉంది. గది దూరమైతే రెంటిలో ఒకటి వదులుకోవాల్సిందే. ఇది ఆ వీధిలో అందరికీ తెలుసు. తెలిసే చేశారు, అదీ నా కోపం.

వీధి సంగతి చెబుతాను. మా బేకరీ రోడ్డు దాటగానే మొదలవుతుంది. పెద్ద పెద్ద ప్లాట్లు, పూలకుండీలు, కుక్క ఉంది జాగ్రత్త అని బోర్డులు. సగం ఇళ్లకి కుక్క కూడా లేదు, బోర్డే ఉంది. ఆఫీసు మ్యాపులో ఆ వీధికి పసుపు రంగు. పసుపంటే నివాస జోను. ప్లాటు ఎంత పెద్దదైనా ఒకే ఇల్లు, ఒకే కుటుంబం. మా బేకరీ రోడ్డుకి నీలం రంగు, అంటే వ్యాపార జోను. ఇక్కడ పొయ్యిలు ఎన్నైనా పెట్టుకోవచ్చు, కానీ మనిషి నివాసం ఉండకూడదు. అక్కడ ఉండొచ్చు గానీ రెండో పొయ్యి పెట్టకూడదు. ఊరు బుల్లిగా ఉన్నప్పుడు గీసిన మ్యాపండీ అది. ఆ తర్వాత ఇటు పెద్దాస్పత్రి వచ్చింది, అటు గోదాములొచ్చాయి, ఆఫీసులొచ్చాయి. వాటిలో ఊడ్చేవాళ్లు, మోసేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, నర్సులు వచ్చారు. వీళ్లంతా ఎక్కడుండాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. మ్యాపులో వీళ్ల కోసం ఒక్క రంగూ వేయలేదు.

మరి ఎక్కడున్నారంటారా? ఆ పసుపు వీధిలోనే, మేడ మీద గదుల్లో. ప్రతి ఇంటికీ పైన ఒకటో రెండో గదులు లేచాయి. ప్లానులో వాటి పేరు సామాన్ల గది. రొట్టెలక్క భర్త తాపీమేస్త్రి. ఆ వీధిలో సగం పైగదులు ఆయన కట్టినవే. మేనేజరు గారింటి పైగది కూడా ఆయన కట్టిందే. కట్టిన గదిలోనే అద్దెకి దిగాడు, ఊపిరితిత్తులు పాడై ఆ గదిలోనే పోయాడు. కాగితం ప్రకారం సామాన్ల గదిలో మనిషి పోవడమేమిటో నాకు అర్థం కాదు.

మేనేజరు గారంటే బ్యాంకులో పనిచేసి రిటైరైనాయన, వీధి సంఘానికి పెద్ద. మాట తేనె. ఎప్పుడూ "అమ్మా" అనే పిలుస్తాడు. అత్తగారిని "పెద్దమ్మగారూ" అంటాడు. పండ్లు కొంటే ఒకటి పైకి పంపిస్తాడు. కానీ అద్దె కాగితం రాయించమంటే, "మన మధ్య కాగితాలేమిటమ్మా?" అంటాడు. వాన పడితే గది కప్పు కారుతోందని చెబితే, "నిజమేనమ్మా, కానీ మేస్త్రీని పిలిస్తే పైన ఎవరో ఉన్నారని నలుగురికీ తెలుస్తుంది కదా, నీ మంచికే చెబుతున్నా" అంటాడు. అదీ ఆ వీధి తెలివి. పైగది తప్పుడు గది అయితేనే వాళ్లకి లాభం. తప్పుడు గదిలో ఉన్నవాళ్లకి నోరుండదు కదా! ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోతారు, కుళాయి రాకపోయినా నోరెత్తరు. నిజమైన అద్దెదారు అయితే హక్కులడుగుతాడు. ఆ బాధ పడలేరు పాపం, సున్నితమైన మనుషులు!

ఇంక పొయ్యిల భాగోతం వినండి. ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారని ముందే ఉప్పందేది. ఎలా అందేదో మేనేజరు గారికే తెలియాలి. అందగానే పైగదుల వాళ్లంతా తమ పొయ్యిలు మోసుకుని మా బేకరీ వెనక గదికి క్యూ కట్టేవాళ్లు. నర్సమ్మ పొయ్యి, డ్రైవరు పొయ్యి, ఇస్త్రీ అతని పొయ్యి, అన్నీ పిండి మూటల మధ్య వరసగా కూర్చునేవి. నీలం జోనులో పొయ్యి ఉంటే తప్పు లేదు కదా! మా ఓనరు సణుగుతూనే ఒప్పుకునేవాడు, ఆ వీధి వాళ్లే ఆయనకి పెద్ద బేరం. తనిఖీ వాళ్లు పైకొచ్చి చూస్తే మంచం ఉంటుంది, మనిషి ఉంటుంది, పొయ్యి ఉండదు. పొయ్యి లేదంటే ఇల్లు కాదు. మరి ఈ మనిషెవరంటే, చుట్టాలండీ, చుట్టపుచూపుగా వచ్చారు.

ఇందులో రొట్టెలక్క అత్తగారిని మించినవాళ్లు లేరు. మంచం మీద ఊసుపోక ఉన్న మనిషి కదా, తనిఖీ రోజంటే ఆవిడకి హుషారు. మేనేజరు గారు మెట్లెక్కుతూ గట్టిగా ఒక దగ్గు దగ్గేవాడు. అదే గుర్తు. దగ్గు వినగానే ఆవిడ ముసుగు సర్దుకుని మొదలుపెట్టేది. ఒకసారి మేనేజరు గారి అమ్మకి వేలు విడిచిన చెల్లెలు, ఇంకోసారి వాళ్లావిడ వైపు దూరపు బంధువు. "కళ్లు చూపించుకుందామని వచ్చానయ్యా, రేపు పొద్దున్నే ప్రయాణం" అనేది. వచ్చినవాడు అయ్యో పాపం అని దిగిపోయేవాడు. వాడటు వెళ్లగానే కోడలితో, "ఎలా ఉందే నా యాక్షను?" అనేది. అక్క పడీపడీ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఏం చేస్తాం, నవ్వక.

అలా ఏళ్లు గడిచాక ఒక రోజు వీధి చివర నోటీసు అంటించారు. ఊరు పెరిగింది, ఇళ్లు చాలడం లేదు, కాబట్టి పసుపు జోనులో ఒక్కో ప్లాటుకి మూడు కుటుంబాల దాకా ఉండనిద్దామని ఆఫీసు వాళ్ల ఆలోచనట. అందరి అభిప్రాయం కోసం బడి హాల్లో సభ పెడతారట. నేను చదివి చెబితే రొట్టెలక్క పిండి చేతులతోనే నన్ను వాటేసుకుంది. నా జాకెట్టంతా తెల్లగా అయిపోయింది.

"అంటే మా గది నిజం గదవుతుందా?"

"అవుతుందక్కా. కప్పు కారితే గట్టిగా అడగొచ్చు. నిన్ను ఉన్నపళంగా పొమ్మనడానికి ఎవరికీ వీల్లేదు."

"అత్తకి చెప్పనే. అయ్యాకే చెబుతా. కాకపోతే దిగులు పెట్టుకుంటుంది."

ఆ సాయంత్రమే మేనేజరు గారు బన్నులకి వస్తే ఆమె లోపల్నుంచి వచ్చి నిలబడింది. "అయ్యగారూ, సభలో మీరు సరేనంటారు కదండీ?" అని అడిగింది.

"చూద్దాం అమ్మా, అందరి మంచీ చూడాలి కదా" అన్నాడాయన నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఆమె తృప్తిగా లోపలికి వెళ్లింది. ఆయన సరేనని మాత్రం అనలేదని నేను గమనించాను.

సభ రోజు పొద్దున్నే వీధంతా కబురు వెళ్లింది. సభకొచ్చే ఆఫీసరు వీధిలోకి కూడా రావచ్చు, ఎందుకైనా మంచిది, పొయ్యిలు బేకరీకి చేర్చండి అని. అందరిలాగే రొట్టెలక్క కూడా తన పొయ్యి తెచ్చి పిండి మూటల పక్కన పెట్టింది. అలవాటు కదా. ఆ కబురులో ఏం మెలిక ఉందో ఆమెకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మధ్యాహ్నం పని తెమిలాక ఇద్దరం సభకెళ్లాం. ముందు కుర్చీల్లో ఓనర్లు, వెనక గోడకి ఆనుకుని పైగదుల వాళ్లు. ఆఫీసరు ఒకావిడ. నిదానంగా, మర్యాదగా మాట్లాడింది. ఆవిడ మీద నాకు కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు, అదొక బాధ. ఆవిడ చెప్పింది ఇదీ. ఇప్పటికే పైగదుల్లో అద్దెకుంటున్నవాళ్లు ఇవాళ లేచి చెప్పొచ్చు. తను వచ్చి చూసి రాసుకుంటుంది. రాసుకున్నవాళ్లని నిర్ణయం వచ్చేదాకా ఎవరూ ఖాళీ చేయించకూడదు. మార్పు వస్తే ఆ గది వాళ్లు చట్టప్రకారం అద్దెకుండే ఇల్లవుతుంది. ఓనర్లకి జరిమానా కూడా ఉండదు. ఇంతకంటే న్యాయం ఇంకేం కావాలి? మాట్లాడే హక్కు మాత్రం ఆ వీధిలో నివాసం ఉన్నవాళ్లకే అంది.

మేనేజరు గారు లేచాడు. గొంతు సవరించుకుని ఆ తేనె మాటలు మొదలుపెట్టాడు. "మాది ప్రశాంతమైన వీధండీ. ప్లాటుకొక కుటుంబం, హాయిగా ఉన్నాం. ఇంకో రెండు కుటుంబాలొస్తే నీళ్లేం చాలతాయి? డ్రైనేజీలేం ఆగుతాయి? ఎవరెవరో వస్తారు. పేదవాళ్లంటే మాకు జాలి లేక కాదు. వాళ్లకీ ఊరి చివర మంచి ఇళ్లు కట్టించాలి, మేమే మొదట సంతోషిస్తాం."

ఓనర్లంతా చప్పట్లు కొట్టారు. నేను పళ్లు పటపటా కొరికాను. ఎవరెవరో వస్తారట! ఆ ఎవరెవరో వెనక గోడకి ఆనుకునే ఉన్నారు కదయ్యా! నీ నెత్తి మీద ఏళ్ల తరబడి కాపురముంటూ, ఆ నీళ్లే తాగుతూ, నీ వీధిలో వాళ్ల బట్టలు ఇస్త్రీ చేస్తూ, మీ ఆవిడకి ఇంజెక్షన్లు చేస్తూ! డ్రైనేజీ పొంగిందా ఏనాడైనా? తల తిప్పి చూశాను. నర్సమ్మ చెప్పుల వంక చూసుకుంటోంది. డ్రైవరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఎవరూ లేవరని తెలిసిపోయింది. లేస్తే పేరు రాస్తారో లేదో తెలీదు గానీ, ఓనరు మొహం చూడాల్సింది మాత్రం ఇవాళే కదా.

రొట్టెలక్క లేచింది.

"మీరెక్కడుంటారమ్మా?" అంది ఆఫీసరు.

"ఈ అయ్యగారింటి పైగదిలోనండీ."

ముందు కుర్చీల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. మేనేజరు గారి నవ్వు చెక్కు చెదరలేదు. "మాకు చుట్టాలండీ. అప్పుడప్పుడూ వచ్చి నాలుగు రోజులుండి వెళుతుంటారు" అన్నాడు.

"చుట్టాన్ని కాదమ్మా" అంది అక్క. మాట తడబడలేదు. "అద్దెకుంటున్నాను. ఆ గది కట్టింది మా ఆయన. అందులోనే పోయాడు. మా అత్త ఇప్పుడు కూడా అక్కడే ఉంది. ఆవిడ లేవలేదు. నేను పనిలోంచి పరిగెత్తుకెళ్లి చూసుకుని వస్తాను. దగ్గర గది కాబట్టి కుదురుతోంది. మమ్మల్ని రాసుకోండమ్మా."

ఆఫీసరు కాగితాలు తీసుకుని లేచింది. "పదండి, చూద్దాం. మీది నిజమైతే ఇప్పుడే రాస్తాను" అంది. ఎంత ధైర్యం వచ్చిందో నాకు! వెనక గోడ దగ్గర కూడా కదలిక వచ్చింది. నర్సమ్మ తలెత్తింది. ముందు ఈమెది రాయనీ, తర్వాత మేమూ లేస్తాం అన్నట్టుంది అందరి వాలకం.

అందరం మేనేజరు గారింటికి నడిచాం. మెట్లు ఇరుకు. ముందు ఆఫీసరు, తర్వాత ఆయన, వెనక మేమిద్దరం. సగం మెట్లెక్కాక ఆయన ఆగాడు. గోడ పట్టుకున్నాడు. గట్టిగా ఒక దగ్గు దగ్గాడు.

నాకప్పుడు అర్థం కాలేదండీ. దగ్గనుకున్నాను.

గదిలో ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె, తాడు మీద బట్టలు. పొయ్యి ఉండే మూల ఖాళీ. మసి పట్టిన గోడకి క్యాలెండరు వేలాడుతోంది, అదీ మేనేజరు గారి ఏర్పాటే. నేను క్యాలెండరు పక్కకి లాగి చూపించాను. "మసి ఎప్పటిదో చెప్పలేం కదమ్మా" అంది ఆఫీసరు. "వంట ఎక్కడ చేసుకుంటారు? పొయ్యి ఏది?"

"మా బేకరీలో ఉందండీ! ఉండండి, తెస్తాను!" అని దిగి పరిగెత్తాను. రోడ్డు మీద ఎవర్ని గుద్దుకున్నానో కూడా చూడలేదు. పొయ్యిల వరసలోంచి అక్క పొయ్యి లాక్కుని, రొప్పుతూ మెట్లెక్కి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ దాని వంక చూసి, నా వంక చూసి, జాలిగా, "బేకరీ నుంచి తెచ్చిన పొయ్యిని ఈ గదిదని ఎలా రాయనమ్మా?" అంది.

అప్పుడావిడ మంచం పక్కన వంగి, "పెద్దమ్మా, మీరీ గదిలోనే కాపురముంటున్నారా?" అని అడిగింది.

రొట్టెలక్క మొహం వెలిగింది. ఇంకెవరి మాటా అక్కర్లేదు కదా, అత్త ఉందిగా.

"అయ్యో, ఇక్కడ మేమెందుకుంటాం తల్లీ!" అంది ముసలావిడ ముసుగు సర్దుకుంటూ. "చుట్టపుచూపుగా వచ్చాను. కళ్లు చూపించుకుందామని. రేపు పొద్దున్నే ప్రయాణం."

"అత్తా!" అని అరిచింది అక్క. "అత్తా, నిజం చెప్పు! ఇవాళ నిజమే చెప్పాలి, నీ కాళ్లు పట్టుకుంటా, నిజం చెప్పు!"

ముసలావిడ తడుముకోలేదు. "ఎవరమ్మా ఈ అమ్మాయి? నన్ను అత్తా అంటోంది! నాకు కోడలూ లేదు, ఎవరూ లేరు. ఈ మేనేజరు గారు దేవుడిలాంటి మనిషి, నాలుగు రోజులుండమన్నాడు."

"అబద్ధమమ్మా! ఆవిడకది అలవాటు! తనిఖీకొస్తే అలా చెప్పాలని నేర్పారు!" అని నేను గోలపెట్టాను. ఆఫీసరు లేచి నిలబడింది. "మంచాన ఉన్న పెద్దావిడ తనంతట తను చెప్పిన మాట కాదని, మీరు చెప్పమన్న మాట రాయమంటారా? ఇప్పుడావిడ మాట మార్చినా మీరు మార్పించినట్టే అవుతుందమ్మా" అంది. కళ్లలో బాధ కనిపించింది. బాధపడుతూనే చుట్టాలు అని రాసుకుంది.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. ఎందుకంటే ఆ గదిలో ఆఖర్న జరిగింది చెప్పాక నాకింక నోరు పెగలదు.

మళ్లీ హాల్లో ఇంకెవరూ లేవలేదు. నర్సమ్మ లేవబోయి కూర్చుండిపోయింది. వీధిలో పైన నివాసం ఉన్నవాళ్లెవరూ లేరు, కాబట్టి మార్పు అక్కర్లేదని తేల్చేశారు. పసుపు పసుపుగానే ఉంది. నేను మేనేజరు గారిని గేటు దగ్గర పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయనకి కోపం కూడా రాలేదు. "దగ్గొస్తే దగ్గకూడదా అమ్మా? రేపు పొద్దున్నే వెళతామని పెద్దమ్మగారే అన్నారు, ఆఫీసరు గారి ముందే అన్నారు. ఆ మాట నిలబెట్టుకుంటే అందరికీ మర్యాద" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వాళ్లు వెళ్లిపోయారు. ట్రంకు పెట్టె నేను పట్టుకున్నాను, అత్తని అక్క ఎత్తుకుంది.

ఇప్పుడు వాళ్లుండేది ఆఖరి బస్టాపు కూడా దాటాక. పొద్దుటి పిండికి ఆమె అందుకోలేదని ఓనరు పగటిపూట బిస్కెట్లు ప్యాక్ చేసే పనిలో వేశాడు. పొద్దున తాళం వేసి వస్తే, మళ్లీ చీకటి పడ్డాకే ఆ తాళం తీసేది. అంతసేపూ ఆవిడ ఏ పక్క పడుకోబెడితే ఆ పక్కే. వీపంతా పుండ్లు. మందు కొనడానికి వెళితే, మందుల షాపతను, "ఇంట్లో తిప్పేవాళ్లు లేరా?" అని అడిగాడట. ఆ మాట చెప్పి బిస్కెట్ల మధ్య కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. మేనేజరు గారేమో పైగదిలోకి ఇంకెవర్నో దించాడు. మొన్న కౌంటరు దగ్గరికొచ్చి, "రొట్టె మునుపటిలా మెత్తగా ఉండటం లేదేమిటమ్మా?" అని అడిగాడు. ఆ రొట్టె ఆయన మొహాన కొట్టకుండా నన్నాపింది నా ఉద్యోగమే.

ఇక ఆ రోజు సంగతి. ఆఫీసరు దిగిపోయింది, వెనకే ఆయనా దిగిపోయాడు. అక్క మంచం పట్టె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ముసలావిడ చెవులు రిక్కించి, అడుగుల చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగింది. తర్వాత గుసగుసగా, "వెళ్లారా?" అంది.

"వెళ్లారత్తా."

"నువ్వు భలేదానివే! నిజం చెప్పు అని అరిచావు చూడూ, అచ్చం ఏడుస్తున్నట్టే ఉంది గొంతు. నిన్ను గట్టిగా నిలదీశారని అప్పుడే పట్టేశాను. అందుకే నువ్వెవరో తెలీదనేశాను. నీ మీదికి రాకూడదు కదా." ఆవిడ గాల్లో తడుముతూ కోడలి చెయ్యి అందుకుంది. మొహమంతా నవ్వే. "ఇంక మనల్ని ఇక్కణ్నుంచి ఎవడూ కదపలేడు. బాగా చెప్పానా?"

నేను నోరు తెరిచాను. అంతా చెప్పేద్దామనే తెరిచాను. అక్క రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఎముక విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా పట్టుకుంది.

"బాగా చెప్పావత్తా" అంది.